అన్న మాటకే జవాబు: క్రైస్తవులూ నాస్తికులూ ఆన్‌లైన్లో మాట్లాడుకోవడం గురించి

(విజయనగరంలో జరిగిన ఒక సమావేశంలోని ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో అయ్యగార్లు, అంటే పాస్టర్లు, కూర్చున్నారు. వెనక వరసలో హేతువాద మిత్రులు కూర్చున్నారు. మధ్యలో రెండు వరసలు ఖాళీ. ఫర్వాలేదండి, ఫోన్లో ఈపాటి దూరం కూడా ఉండటం లేదు కదా. అక్కడ ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. ఆ పడిపోవడం గురించే ఈవేళ మాట్లాడుకుందాం.

దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఈ హాల్లో తేలదు. దానికోసం వచ్చినవాళ్ళుంటే టీ తాగి వెళ్ళిపోవచ్చు. ఇంకో మాట. మెత్తగా మాట్లాడండి, ప్రేమగా ఉండండి అని చెప్పడానికి కూడా నేను రాలేదు. అలా చెప్తే అందరూ తలూపుతారు, ఇంటికెళ్ళి మళ్ళీ అదే రాస్తారు. ఎందుకు? మర్యాద అంటే మాట మెత్తదనం అనుకుంటున్నాం కాబట్టి. "గౌరవనీయులైన పాస్టర్ గారికి" అని మొదలుపెట్టి, ఆ పాస్టర్ గారు అనని మాట ఆయన నోట్లో పెట్టి, దాన్ని చీల్చి చెండాడితే అది మర్యాదా? "గాడ్ బ్లెస్ యూ బ్రదర్" అని ముగించి, పైన మూడు పేరాలు నరకాగ్ని గురించి రాస్తే అది మర్యాదా? నా లెక్కలో మర్యాద అంటే ఒక్కటే. ఎదుటి మనిషి ఏమన్నాడో ఆ మాటకే జవాబు చెప్పడం. అనని మాటకి కాదు. ఆయన కులానికి కాదు. ఆయన సంఘంలో ఇంకెవరో చేసిన పనికి కాదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఉండకూడదు. అన్న మాటకే జవాబు. ఈ గంటసేపూ నేను చెప్పేదంతా అదే.

తెర మీద చూడండి. వెనకవాళ్ళకి కనబడుతోందా? ఇది ఎవరి పోస్టూ కాదు, నమూనా కోసం రాయించాను. కానీ మీరందరూ ఇలాంటిది చూసే ఉంటారు. ఒకావిడ రాసింది: "రేపు విశాఖ కేజీహెచ్‌లో అమ్మకి గుండె ఆపరేషన్. అందరూ ప్రార్థించండి." కింద పదిమంది ఆమెన్ అన్నారు. పదకొండో కామెంటు: "ప్రార్థనతో తగ్గిపోతే ఆపరేషన్ ఎందుకండి?" దాని కింద: "నీ ఇంట్లో వాళ్ళకి వస్తే అప్పుడు తెలుస్తాది." దాని కింద: "గొర్రెలకి లాజిక్కు ఉండదులే." దాని కింద: "బుద్ధిహీనులే దేవుడు లేడంటారు, కీర్తన 14 చదువుకో." దాని కింద: "నువ్వు ఏ కుల సర్టిఫికెట్టు మీద ఉద్యోగం తెచ్చుకున్నావో ముందు అది చెప్పు." ఆ తరవాత నలభై కామెంట్లు. ఆవిడ తల్లి ఎలా ఉందని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్కరూ లేరండి, అటువాళ్ళూ లేరు, ఇటువాళ్ళూ లేరు.

ఇందులో తప్పు ఎక్కడ మొదలైంది? అయ్యగార్లు పదకొండో కామెంటు అంటున్నారు. వెనక వరసవాళ్ళు పన్నెండోది అంటున్నారు. చూడండి, పదకొండో కామెంటులో ఉన్న ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. ప్రార్థన పనిచేస్తుందా, చేస్తే ఎలా తెలుస్తుంది అని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. అమెరికాలో గుండె బైపాస్ రోగుల మీదే పెద్ద అధ్యయనం చేశారు, 2006లో ఫలితాలొచ్చాయి. తమ కోసం ఎవరో ప్రార్థిస్తున్నారని తెలియని రోగుల్లో తేడా కనబడలేదు, తెలిసిన రోగుల్లో ఇబ్బందులు కొంచెం ఎక్కువే కనబడ్డాయి. దాని గురించి క్రైస్తవుల్లోనే రకరకాల అభిప్రాయాలున్నాయి, దేవుణ్ణి ప్రయోగశాలలో పెట్టి పరీక్షించకూడదనేవాళ్ళూ ఉన్నారు. మంచి చర్చే. కానీ ఆవిడ ప్రార్థన పనిచేస్తుందని వాదించిందా? లేదు. తోడు అడిగింది. ఆవిడ అనని మాటకి మీరు జవాబు చెప్పారు. తప్పు అక్కడుంది. అదే ప్రశ్న మీ సొంత గోడ మీద, ఆవిడ పేరు లేకుండా, ఇంకో వారం పోయాక రాయండి. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనలేరు.

అందుకని మొదటి కట్టుబాటు: రోగం, చావు, పెళ్ళి, బాప్తిస్మం, ఈ నాలుగు పోస్టుల కింద వాదన పెట్టకూడదు. "ప్రభువునందు నిద్రించారు" అని ఫోటో పెడితే, నాస్తికుడు రాయాల్సింది "చాలా బాధగా ఉందండి, మంచి మనిషి" అని. ఆమెన్ అనక్కర్లేదు, ఆత్మశాంతి అనీ అనక్కర్లేదు. నమ్మని మాట ఎందుకు రాయడం? అలాగే నాస్తికుడి ఇంట్లో ఎవరైనా పోతే క్రైస్తవులు "ఇప్పటికైనా రక్షణ గురించి ఆలోచించండి" అని రాయకూడదు. రాస్తున్నారండి. తప్పండి అది. "మీ కోసం ప్రార్థిస్తున్నాను" అంటే, అది మీ ప్రేమ, నాస్తికుడు దానికి "థాంక్సండి" అని ఊరుకోవాలి. అక్కడ "నాకొద్దు మీ ప్రార్థన" అన్నవాడు వాదనలో గెలిచాడేమో గానీ మనిషిని పోగొట్టుకున్నాడు.

ఇక అసలు చర్చ. చర్చకే పెట్టిన పోస్టు, చర్చకే వచ్చిన మనుషులు. అక్కడ ఎలా? ఇది పనిముట్టులాంటి పద్ధతి, రాసుకోండి. జవాబు రాసే ముందు ఎదుటివాడి రాతలోంచి ఒక్క వాక్యం, ఒక్కటే, కాపీ చేసి పెట్టండి. దాని కింద మీ మాటల్లో తిరగరాయండి: "మీరనేది ఇదీ అని నాకర్థమైంది. ఇదేనా?" అక్కడ ఆగండి. ఆయన "అవును" అనేదాకా జవాబు రాయొద్దు. మామూలుగా "కాదు, నేనన్నది అది కాదు" అంటాడు. సగం తగువులు అక్కడే అయిపోతాయి, ఎందుకంటే సగం తగువులు లేని మాట మీదే.

రెండోది, ఒక జవాబులో ఒకే విషయం. ఇటువాళ్ళకి ఒక జబ్బుంది, అటువాళ్ళకీ అదే జబ్బు. నాస్తికుడు ఒక్క కామెంటులో నోవహు ఓడ, దశమభాగాలు, క్రూసేడులు, విదేశీ డబ్బు, అన్నీ కుమ్మరించేస్తాడు. క్రైస్తవుడు ఒక్క కామెంటులో పరిణామవాదం, స్టాలిన్, నీతికి ఆధారం ఏది, నీ చావు తరవాత ఏటి, అన్నీ అడిగేస్తాడు. ఎదుటివాడు ఏది సులువో దానికి చెప్తాడు. మీరు "మిగతా వాటికి జవాబు లేదా?" అంటారు. ఇంక రాత్రి పన్నెండైపోద్ది.

మూడోది మాట రకం చూసుకోవడం. క్రైస్తవుల్లో సాక్ష్యం అని ఒకటుంది, నాస్తిక మిత్రులకి దాంతో ఎలా మాట్లాడాలో తెలీదు. సాక్ష్యం అంటే వాదన కాదు. "నాకు ఇలా జరిగింది, దేవుడు నన్ను బాగుచేశాడు" అని చెప్పుకోవడం. దానికి "అబద్ధం" అంటే మీరు ఆ మనిషిని అబద్ధాలకోరు అన్నట్టే. అబద్ధం కాదు కదా, ఆవిడకి జ్వరం నిజంగానే తగ్గింది. సాక్ష్యాన్ని మూడు ముక్కలు చేసుకోండి. ఏం జరిగింది, ఎందువల్ల జరిగింది, కాబట్టి మీరేం చెయ్యాలి. ఏం జరిగింది అన్నదాన్ని ఒప్పుకోండి, "తగ్గినందుకు సంతోషం". ఎందువల్ల అన్నదాంట్లో సందేహం ఉంటే సందేహం అని చెప్పండి, "మందులూ వాడారు కదా, రెండింట్లో దేనివల్లో ఎలా తెలుస్తుంది?" మూడో ముక్క, అదే "కాబట్టి మందులు మానేయండి" అంటే మాత్రం, అక్కడ గట్టిగా నిలబడాలి. అక్కడ మెత్తదనం పనికిరాదు.

ఎందుకు గట్టిగా అంటున్నానో శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఈ ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఇళ్ళకి ఇళ్ళనే పట్టుకుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి మామూలుగా వారానికి రెండు మూడు సార్లు రక్తం శుద్ధి చెయ్యాలి. ఒక వారం మానేస్తే ఏమవుతుంది? ఒంట్లో నీరు నిలిచిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. క్షయకి ఆరు నెలల మందు. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలేస్తుంది, బాగైపోయాననిపిస్తుంది. అప్పుడు మానేస్తే ఆ మందులకి లొంగని క్షయ వచ్చి కూర్చుంటుంది, ఇంట్లోవాళ్ళకి కూడా. కాబట్టి ఎవరైనా సాక్ష్యం కింద "నేను మందులు పారేశాను, మీరూ పారేయండి" అని రాస్తే, ముందు మాట్లాడాల్సింది నాస్తికుడు కాదు, ముందు వరసలోని అయ్యగారు. "ప్రార్థన చెయ్యండి, మందు మానొద్దు" అని అయ్యగారు ఒక్క లైను రాస్తే, నాస్తికుడు రాసిన నలభై లైన్లకంటే బలంగా పనిచేస్తుంది. ఆ లైను రాయని సంఘపెద్దని నాస్తికుడు విమర్శిస్తే దాన్ని మతద్వేషం అనకండి. అది ప్రాణం విషయం.

ఎవరితో మాట్లాడుతున్నామో

క్రైస్తవులు అంటే అందరూ ఒకటే అనుకుంటారు చాలామంది నాస్తికులు. టీవీలో స్వస్థత సభ చూసి, దానికి జవాబు తీసుకెళ్ళి ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) ఫాదర్ గారి పోస్టు కింద పెడతారు. మన ఉమ్మడి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే చూడండి. బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి వైపు కెనడియన్ బాప్టిస్టు మిషను పనిచేసింది. సాలూరు వైపు జర్మనీ నుంచి లూథరన్లు వచ్చారు. ఆర్‌సీఎం వాళ్ళున్నారు. పెంతెకొస్తు వాళ్ళున్నారు, బ్రదరన్ ఉన్నారు, ఏ మిషనూ లేని స్వతంత్ర సంఘాలు ఊరికి నాలుగు. వీళ్ళ నమ్మకాలు ఒకటి కాదు. బైబిలు పుస్తకాల లెక్కే ఒకటి కాదు, ప్రొటెస్టంట్లకి 66, కాథలిక్కులకి 73. "మీ క్రైస్తవులు సైన్సుని ఒప్పుకోరు" అంటారు. విశ్వం వ్యాపిస్తోందని 1927లో రాసి, తరవాత ఆదిలో ఒకే అణువు నుంచి అంతా మొదలైందని చెప్పిన జార్జి లెమైత్రే ఎవరండి? బెల్జియంలో కాథలిక్ గురువు. పరిణామం గురించి పరిశోధన చేయడం, చర్చించడం నిషేధం కాదని పోపు 1950లోనే రాశారు. అదే సమయంలో ఆరు రోజుల సృష్టిని అక్షరాలా నమ్మే సంఘాలు కూడా మన వీధిలోనే ఉన్నాయి. కాబట్టి అడగండి. "మీది ఏ సంఘం, ఈ విషయంలో మీరేమంటారు?" అని ఒక్క ప్రశ్న. దాని ఖర్చు ఎంత? ఒక నిమిషం.

ఇటు తిరుగుదాం. నాస్తికులు అంటే కూడా ఒకటి కాదు. దేవుడు లేడనేవాళ్ళున్నారు. ఉన్నాడో లేడో తెలుసుకోలేం అనేవాళ్ళున్నారు, అజ్ఞేయవాదులు, ఆ పేరు 1869లో థామస్ హక్స్‌లీ పెట్టింది. దేవుడి మాట పక్కనపెట్టి మూఢనమ్మకాల మీద పనిచేసే సైన్సు ప్రచారకులున్నారు, వాళ్ళలో గుడికెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు. ఎర్రజెండా పార్టీవాళ్ళున్నారు, ఎర్రజెండా అంటే పడని నాస్తికులూ ఉన్నారు. వీళ్ళందరినీ కలిపి "మీ స్టాలిన్ ఎంతమందిని చంపాడు" అంటే ఎలా? ఆయన వాళ్ళ స్టాలిన్ కాదు. పోపు బాప్టిస్టులకి పోపు కానట్టే.

ఇంకో ప్రశ్న ఇక్కడ బాగా వినిపిస్తుంది. "పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు నోరెత్తని నాస్తికులు క్రిస్మస్ నాడు మాత్రం ఎందుకు లేస్తారు?" న్యాయమైన ప్రశ్నే. అన్ని మతాల్నీ ఒకే కొలతతో కొలిచేవాడిని అంటున్నాడు కదా, చూపించమనండి. ఒకసారి అడగండి. కానీ ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకీ ఇదే జవాబుగా తిప్పికొడితే, అది ప్రశ్న కాదు, తప్పించుకోవడం. నిజంగా మాట్లాడుతున్న నాస్తికుడు తన పాత రాతలు చూపిస్తాడు, చూపించలేనివాడు కాస్త ఇబ్బంది పడతాడు. పడనివ్వండి.

ఇక మనం ఎక్కువ మాట్లాడుకోని విషయం ఒకటుంది. చూస్తున్న మూడోవాడు. మన రెండు జిల్లాల్లో క్రైస్తవులు కొద్దిమంది. నాస్తికులు అంతకంటే తక్కువ. మీ ఇద్దరి తగువుని స్క్రీన్‌షాట్ తీసుకుపోయేవాడు మీ ఇద్దరిలో ఎవరూ కాదు. ఆ నలభై కామెంట్లలో రెండు ఏరుకుంటాడు. నాస్తికుడు రాసిన "గొర్రెలు" అన్న మాట అతనికి పనికొస్తుంది, పైన "చూడండి, చదువుకున్నవాళ్ళే ఏమంటున్నారో" అని పెట్టి ఇంకో గ్రూపులో వేస్తాడు. అక్కడ దానికింద వచ్చే మాటలు దేవుడి గురించి ఉండవు. ఊరి చివర చర్చి గురించి ఉంటాయి. నాస్తిక మిత్రులారా, మీరు మూఢనమ్మకం మీద రాశాననుకున్నారు. అది వెళ్ళి ఎవరి చేతిలో పడిందో చూశారా?

ఈ సర్టిఫికెట్టు మాట కూడా అందులోదే. దీనిమీద కాసేపు ఆగుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. గిరిజనులకి ఆ షరతు లేదు, సీతంపేటలో సవర కుటుంబం చర్చికి వెళ్ళినా ఎస్టీయే. ఇది న్యాయమా అన్యాయమా అన్నది పెద్ద చర్చ, ఆ చర్చ పెట్టుకోండి, తప్పకుండా పెట్టుకోండి. కానీ నోవహు ఓడ గురించి మాట్లాడుతున్న ఒక మనిషిని పట్టుకుని, నలుగురూ చూసేచోట, "నీ సర్టిఫికెట్టులో ఏముంది" అని అడగడం ఉందే, అది వాదన కాదు. ఆ మనిషి ఉద్యోగం మీద, పిల్లల చదువు మీద చెయ్యి వేయడం. హేతువాదం పేరుతో కులం అడిగేవాణ్ణి హేతువాదులే ముందు బయటికి పంపాలి.

క్రైస్తవుల వైపు దీనికి జోడీ ఉంది. నాస్తికుడి యజమానికో, పెళ్ళి చూపులవాళ్ళకో, అత్తవారికో స్క్రీన్‌షాట్లు పంపడం. "మీ అల్లుడు దేవుణ్ణి తిడుతున్నాడు చూడండి." ఇదీ అంతే. ఏమాత్రం తేడా లేదు.

ఒక ఉదాహరణ చెప్పుకుని ముందుకెళ్దాం, మన తెలుగువాళ్ళదే. నాస్తిక కేంద్రం పెట్టిన గోరా పుట్టింది మన పక్కనే, గంజాం జిల్లా ఛత్రపురంలో, 1902లో. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో కేంద్రం మొదలుపెట్టి, 1947లో విజయవాడ తీసుకెళ్ళారు. గుర్రం జాషువా క్రైస్తవ కుటుంబంలోంచి వచ్చిన కవి. జాషువా గారి అమ్మాయి హేమలత, గోరా గారి అబ్బాయి లవణం పెళ్ళి చేసుకున్నారు. అంటే జాషువా, గోరా వియ్యంకులు. గాంధీగారితో గోరా దేవుడి గురించి చేసిన చర్చలు అచ్చయి ఉన్నాయి. నా ఆస్తికత్వమే సరైనదనీ అనలేను, మీ నాస్తికత్వం తప్పనీ అనలేను అన్నారు గాంధీ. ఇద్దరిలో ఎవరూ మారలేదు. మారకుండానే అన్ని మాటలు మాట్లాడుకున్నారు.

ఎవరి చెత్త వాళ్ళే ఊడ్చుకోవాలి

ఫార్వర్డుల గురించి. తప్పుడు ఫార్వర్డుని అవతలివాడు పట్టుకుంటే పరువు పోతుంది, మనవాడే పట్టుకుంటే పోదు. అందుకని ఎవరి వైపు అబద్ధాల్ని వాళ్ళే ఆపాలి. కొన్ని చెప్తాను, మీకు తెలిసినవే.

క్రైస్తవుల గ్రూపుల్లో తిరిగేవి. డార్విన్ చనిపోతూ పశ్చాత్తాపపడి యేసుని నమ్ముకున్నాడని. ఆయన పోయింది 1882లో, ఈ కథ అచ్చయింది 1915లో అమెరికాలో. "ఆ కథ చెప్పినావిడ మా నాన్న పడకదగ్గర లేనేలేదు, నేనున్నాను" అని డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో అచ్చులో ఖండించింది. ఇంకోటి, బైబిల్లో యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిపోయాడని చెప్పే రోజుని నాసా కంప్యూటర్లు కనిపెట్టాయని. నాసా పుట్టిందే 1958లో. తప్పిపోయిన రోజుని లెక్కగట్టామన్న కథ 1890 నాటి పుస్తకంలోనే ఉంది, తరవాత ఎవరో దానికి కంప్యూటరు తగిలించారు. ఇంకోటి, తరగతిలో నాస్తిక ప్రొఫెసరు నోరు మూయించిన కుర్రాడు ఐన్‌స్టీన్ అని. దానికి ఆధారమే లేదు. ఆయన 1954లో రాసిన ఉత్తరంలో దేవుడన్న మాట మనిషి బలహీనతలోంచి వచ్చిందని రాశాడు. ఆగండి, వెనక వరసలో నవ్వకండి. తనని నాస్తికుడు అనడం కూడా ఆయనకి నచ్చేది కాదు. ఆయన్ని ఇద్దరూ వదిలేయండి.

ఇక నాస్తిక మిత్రులారా, మీవి. క్రీ.శ. 325లో బిషప్పులు కూడిన నైసియా సభలో ఓట్లేసి బైబిలు పుస్తకాలు ఎంచారని. ఆ సభ కూర్చున్నది యేసు తండ్రితో సమానం కాదన్న అరియస్ బోధ మీద, ఈస్టరు తేదీ మీద. బైబిలు జాబితా ఆ సభ నిర్ణయాల్లో లేదు. ఇప్పటి కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టీ సరిగ్గా కనబడేది 367లో అథనేషియస్ అనే బిషప్పు రాసిన లేఖలో. ఇంకోటి, ఈజిప్టు దేవుడు హోరస్ డిసెంబరు 25న కన్యకి పుట్టాడు, పన్నెండుమంది శిష్యులు, అదే కాపీ కొట్టారని. ఈజిప్టు కథలో హోరస్ తల్లి ఐసిస్‌కి భర్త ఉన్నాడు, ఒసిరిస్. డిసెంబరు 25 అన్న తేదీ ఈజిప్టు కథలోనూ లేదు, సువార్తల్లోనూ లేదు. హేతువాదులం అని చెప్పుకుని ఆధారం చూడకుండా ఫార్వర్డు చేస్తే, ఇంకెవరికి చెప్తాం ఆధారం చూడమని?

మన ఊరి ఉదాహరణ ఒకటి. గురజాడ మతాలన్నీ మాసిపోతాయని రాశారు, నాస్తికులు అదే పెడతారు. మతాలన్నీ అన్నదమ్ముల్లా మెలగాలనీ రాశారు, భక్తులు అది పెడతారు. రెండూ ఆయనవే. ఒక్కటే పెట్టి "గురజాడ మావాడు" అంటే రెండోది దాచినట్టే.

వాట్సాపులో రెండు బాణాల గుర్తు వచ్చిందంటే అది చాలా చేతులు మారి వచ్చినదని. అలాంటిది ఒకసారికి ఒక్క చాటుకే పంపనిస్తుంది. ఆ గుర్తు చూడగానే ఆగాలి. పంపేశారా? పొరపాటని తెలిశాక డిలీట్ చేసి ఊరుకోకండి. అదే గ్రూపులో "అది తప్పు, నేనే పెట్టాను" అని రాయండి.

అడ్మిన్లకి. ఎంతమంది ఉన్నారు అడ్మిన్లు, చేతులెత్తండి. అమ్మో, చాలామందే. కలిసిన గ్రూపు నడపాలంటే అడ్మిన్లు ఇద్దరు, చెరో వైపు నుంచి. నియమం ఏంటంటే, తప్పు మాట రాస్తే ఆ వైపు అడ్మినే తీసేయాలి. నాస్తికుడు "గొర్రెలు" అంటే నాస్తిక అడ్మిను తీస్తాడు. క్రైస్తవుడు శాపాలు పెడితే క్రైస్తవ అడ్మిను తీస్తాడు. అవతలివాడు తీస్తే పక్షపాతం అంటారు, మనవాడు తీస్తే సిగ్గుపడతారు. వాట్సాపులో అడ్మిను ఎవరి మెసేజీనైనా అందరికీ కనబడకుండా తీసేయొచ్చు. గొడవ ముదిరితే "అడ్మిన్లు మాత్రమే పంపగలరు" అన్న సెట్టింగు రాత్రికి పెట్టి పొద్దున్న తీసేయండి. ఇద్దరే మనుషులు ఒకరికొకరు ఆరేడుసార్లు రాసుకున్నారంటే ఇంక అది చర్చ కాదు, అక్కడితో ఆపించేయండి. వాయిస్ మెసేజీలు వద్దని నియమం పెట్టండి. కోపం గొంతులో ఎక్కువ పలుకుతుంది, పైగా అందులోంచి ఒక్క వాక్యం ఎత్తి "ఇదేనా మీరన్నది" అని అడగడం కుదరదు. పంపిన మెసేజీని దిద్దుకోవడానికి పదిహేను నిమిషాలే ఉంటాయి, కాబట్టి వేడిమీద రాసింది ముందు మీకు మీరే పంపుకుని, పొద్దున్న చదివి, అప్పుడు గ్రూపులో వేయండి.

పిలుపు సంగతి. ముఖం తెలియనివాళ్ళని మీరు అనే పిలవాలి. "పాస్టర్ గాడు" అనకూడదు, "అయ్యగారు" అనక్కర్లేదు, పేరు పక్కన గారు చాలు. వెటకారంగా "బ్రదర్" అనేదానికంటే పేరు పెట్టి పిలవడం నయం.

కేసులు. ఇద్దరూ బెదిరిస్తుంటారు, "మనోభావాలు దెబ్బతిన్నాయి, కేసు పెడతాం." పాత ఐపీసీ 295ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299, 2024 జులై 1 నుంచి. మూడేళ్ళదాకా శిక్ష. కానీ అందులో ఏముంది? ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానించాలి. మనసు నొచ్చుకోవడం ఒక్కటే చాలదు. 1957లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ని నిలబెట్టింది ఆ మాట చెప్పే. పైగా ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు ఈ కేసు విచారణకి తీసుకోదు. మాటల్ని తేల్చేటప్పుడు ప్రతిదానికీ బెదిరిపోయే బలహీనుల కొలత కాదు, నిబ్బరంగల మనుషుల కొలత చూడాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఐటీ చట్టంలో ఆన్‌లైన్ రాతల మీద కేసులకి వాడిన 66ఎ సెక్షన్ 2015లోనే కొట్టేశారు, దాని పేరు చెప్పి బెదిరించేవాళ్ళు ఇంకా ఉన్నారు. రాజ్యాంగం 25వ అధికరణం నమ్మకాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, 51ఎ శాస్త్రీయ దృక్పథం పెంచుకోమంది, మతాల మధ్య సోదరభావం పెంచమనీ అదే 51ఎ చెప్పింది. చంపుతామని, ఇంటికొస్తామని బెదిరింపు వస్తే మాత్రం, ఫోన్ నంబరు, చిరునామా బయటపెడితే మాత్రం, జవాబు రాయకండి. స్క్రీన్‌షాట్ తీయండి, లింకు, తేదీ, సమయం రాసుకోండి, స్టేషనుకి వెళ్ళండి. మిగతావాటికి స్టేషను చోటు కాదు.

చీటీలు వచ్చాయి, రెండు చదువుతాను. "ఊరుకుంటే ఓడిపోయామని అనుకోరా?" అనుకుంటారు. అనుకోనివ్వండి. "నా మాట చెప్పాను, మీ మాట విన్నాను, ఇక్కడితో ఆపుతున్నాను" అని ఒక్కసారి రాసి వెళ్ళిపోండి. ఆ తరవాత తిరిగొచ్చి ఇంకో పంచ్ వేస్తే మాత్రం ఆపినట్టు కాదు.

రెండోది. "అమ్మ రోజూ పొద్దున్న అయిదింటికి కుటుంబ గ్రూపులో వాక్యం పెడుతుంది. నేను నమ్మను. ఏం చెయ్యాలి?" ఏమీ చెయ్యొద్దు బాబూ. అది నీతో వాదన కాదు, అమ్మ లేచిందని కబురు. ఆమెన్ అని అబద్ధం రాయకు, సైన్సు లింకు పెట్టకు. "గుడ్ మార్నింగ్ అమ్మా" అను. ఆదివారం ఆరాధనకి రమ్మని గ్రూపులో అడిగిందనుకో, అక్కడ జవాబు రాయకు, పిన్నులూ మావయ్యలూ అందరూ చూస్తుంటారు. ఫోన్ చేసి చెప్పు. ఏమంటుందో పూర్తిగా విను. అమ్మగార్లు ఎవరైనా ఉంటే మీకూ అదే, కొడుకు రానన్నాడని సంఘంలో ప్రార్థన విన్నపం పెట్టే ముందు వాణ్ణి ఒకసారి అడగండి, పేరు చెప్పొచ్చా అని.